పాలమూరు సీమ యాత్రారచనలు: క్షేత్రదృష్టి, రాజ్యదృష్టి

ఆంధ్రవాఙ్మయమున యాత్రారచనలను పరిశోధించువారు వానిని రెండు తెగలుగా విభజించుట పరిపాటి యైనది. తీర్థయాత్రకు వెడలినవాని రచన భక్తివాఙ్మయమున చేరును. కోటలను, శిథిలాలయములను, శాసనములను చూడ వెడలినవాని రచన చరిత్రమున చేరును. మొదటిదానికి దేవుడు నాయకుడు, రెండవదానికి రాజు. సూచికలు కూర్చుకొనుటకు ఈ విభాగము అనుకూలమైనదే. కాని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములను గూర్చిన రచనలను వరుసగా చదివి, ఆ గ్రంథములను చేతబట్టుకొని ఆ ఊళ్లు తిరిగిన పిమ్మట మాకు ఈ విభాగముమీది నమ్మకము సడలినది. ఈ సీమలో సామ్రాజ్యములు మిగిల్చిన గొప్ప కట్టడములన్నియు ఇంచుమించుగా దేవాలయములే. దేవాలయములలో గొప్పవన్నియు ఏదో ఒక రాజ్యము పుణ్యమే. ఇట్టి చోట యాత్రికుడు వేరు, చరిత్రకారుడు వేరు అని గిరి గీసికొని చదివినచో ఇరువురి రచనలును సగము సగముగనే అర్థమగును. ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది ఆ తక్కిన సగమును.

ఈ మూడు ఊళ్లును 2016 అక్టోబరులో వేరువేరు జిల్లాలకు ముఖ్యస్థానములైనవి. అంతకు ముందు మూడును మహబూబునగరము జిల్లాలోనివి. జనుల నోట పాలమూరు. గద్వాల, ఆలంపురములున్న కృష్ణాతుంగభద్రల నడిమి భూమికి నడిగడ్డ యని పేరు. కృష్ణకు ఆవలి ఒడ్డున వనపర్తి, పానగల్లు, కొల్లాపురము. ఇంకను తూర్పునకు పోగా నల్లమల అడవులు, శ్రీశైలమునకు ఉత్తరద్వార మనబడు ఉమామహేశ్వరము. శ్రీశైలమునకు పశ్చిమద్వారము ఆలంపురము. ద్వారములు రెండును మన సీమలోనివే. కావున కాశికి పోవువాడును, శ్రీశైలమునకు పోవువాడును, హైదరాబాదునకు పోవువాడును ఈ నేల తొక్కక తప్పెడిది కాదు.

అట్లు తొక్కినవారిలో మనకు విపులముగా వ్రాసియిచ్చినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఈ పెద్దమనుష్యుడు 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. పరివారము నూరుగురికి తక్కువ కాదు. మార్గమధ్యమునుండి ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపుచు వచ్చిన వృత్తాంతమే కాశీయాత్రచరిత్ర. అది 1838లో అచ్చైనది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పీఠికతోడను వివరణలతోడను తిరిగి ప్రకటించిరి. మన తెలుగు శాఖలలో ఈ గ్రంథమును సాధారణముగా రెండు పనులకే వాడుచున్నాము: 1830 నాటి వ్యావహారికభాషకు మచ్చుతునకగా ఒకటి, వచనవాఙ్మయ చరిత్రలో ఒక మైలురాయిగా మరియొకటి. ఆ రెండును సరియైనవే. అయితే గ్రంథము ఏమి చూచినది, ఏమి చూడలేదు అను విచారణ అరుదు.

వీరాస్వామయ్య అహోబలము, శ్రీశైలము సేవించి, నివృత్తిసంగమమువద్ద కృష్ణను చేరి, నది దాటి పానగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు బాట పట్టెను. నివృత్తిసంగమమునుండి ఆలంపురమునకు ఎగువగా ఒకటి రెండు దినముల నడక. ఆలంపురమునకు దక్షిణకాశి యని ప్రసిద్ధి. అక్కడ తుంగభద్ర కొంత దూరము ఉత్తరాభిముఖముగా ప్రవహించుటయు ఈ ప్రసిద్ధికి కారణముగా చెప్పుదురు. అష్టాదశ శక్తిపీఠములలో ఒకటియైన జోగులాంబ నెలవది. కాశికి పోవుచున్న శ్రద్ధాళువు, అడుగడుగున తీర్థవిధులు నెరవేర్చుకొనుచు పోవుచున్నవాడు, దక్షిణకాశిని ఇంత చేరువనుంచుకొని దాటిపోయెను. ఆయన మజిలీలలో ఆలంపురము లేదు.

దీనిని ఆయన లోపముగా ఎత్తిచూపుట మా ఉద్దేశము కాదు. వర్షాకాలము ముంచుకొని వచ్చుచున్నది. నూరుగురిని, బోయీలను, సామానును నది దాటించవలెను. బాట యెక్కడ మంచిదో అక్కడికే యాత్ర. కాని ఈ విడిచిపుచ్చుటలో ఒక సంగతి తెలియుచున్నది. క్షేత్రముయొక్క మహిమ పురాణమున నెంత ఘనమైనను, యాత్రికుని పాదము దానివైపు తిరుగుటకు దారి, సత్రము, నావ, నిర్భయము కావలెను. అవి రాజ్యము సమకూర్పవలసినవి. ఈ రహస్యము వీరాస్వామయ్యకు తెలిసినంతగా ఆయన్ను గూర్చి వ్రాసిన మనకు తెలియలేదని మా అనుమానము. శ్రీశైలమును వర్ణించునప్పుడు ఆయన మల్లికార్జునుని సేవతో నిలువక, యాత్రికులనుండి కందనూరు నవాబు పుచ్చుకొను సుంకములను గూర్చి వ్రాసెను. కృష్ణకు ఇవతలి ఒడ్డున జమీందారులు ఒకరితో నొకరు కలహించుటవలన గ్రామములు కొల్లబోవుటను, రైతులు నలిగిపోవుటను చెప్పెను. నీళ్లు దొరకునా, బజారు కలదా, దిగుటకు తావు కలదా, ఏ నాణెము చెల్లును - ఇవి ఆయన ప్రతి మజిలీలోను అడుగు ప్రశ్నలు. ఈ భాగములను మన విద్యార్థులు సాంఘికచరిత్రకు పనికివచ్చు సామగ్రియని యేరుకొని, భక్తిభాగములను ప్రక్కకు నెట్టుదురు. వీరాస్వామయ్యకు మాత్రము అవి రెండు భాగములు కావు. సుంకమునుగూర్చిన వాక్యమును తీర్థవిధిలోని వాక్యమే. దేవుని దర్శనమునకు అడ్డు నిలిచిన రాజ్యమును చెప్పకుండ దర్శనమును చెప్పుట ఆయనకు అసత్యముగా తోచియుండును.

ఇంత చెప్పియు ఒక మాట అనక తప్పదు. నేటి రాజ్యమును చూచినంత నిశితముగా ఆయన నిన్నటి రాజ్యమును చూడలేదు. పానగల్లు సామాన్యమైన ఊరు కాదు. ఆ దుర్గముకొరకు బహమనీ సుల్తాను ఫిరోజుషా పదునైదవ శతాబ్ది రెండవ దశకమున చాలకాలము ముట్టడి సాగించి, విజయనగరపు మొదటి దేవరాయల చేతిలో పరాజితుడయ్యెను. కృష్ణాతీరపు చరిత్ర మలుపు తిరిగిన చోట్లలో అదియొకటి. కోటల పూర్వవృత్తము వీరాస్వామయ్య చెప్పబూనిన విషయము కాదు. ఆ కాలమున దానిని చెప్పగల సాధనములును ఆయనకు లేవు. తీర్థయాత్రకై వచ్చియు రాజ్యములను వర్ణించినవాడు హ్యూయన్‌త్సాంగు. ఏడవ శతాబ్దిలో రెండవ పులకేశి ఏలుబడిలోని దేశమును చూచి, రాజును, సేనను, ప్రజల స్వభావమును వ్రాసిపెట్టినవాడాయన. బౌద్ధభిక్షువు కన్నులకు కనబడిన చాళుక్యరాజ్యము, ఆ రాజ్యపు ఆలయముల నీడన బ్రతికిన మన స్థలపురాణకర్తలకు ఏల కనబడలేదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఆలంపురము పోవలెను.

ఆలంపురమున నవబ్రహ్మాలయములు తుంగభద్ర ఎడమగట్టున నున్నవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మలని వాని పేళ్లు. పేరునకు బ్రహ్మలే కాని లోపలనున్నది అన్నిటను శివలింగమే. తారకబ్రహ్మ మినహా తక్కినవాని శిఖరములు ఔత్తరాహపు రేఖారీతిని లేచినవి. గోదావరికి దక్షిణమున ఈ రీతి శిఖరములు ఇన్ని ఒక్క ప్రాకారమున కనబడుట వింతయే. కట్టినది బాదామి చాళుక్యుల కాలము, ఏడు ఎనిమిది శతాబ్దులు. స్వర్గబ్రహ్మాలయమును వినయాదిత్యుని కాలమున (681-696) రాణి పేర లోకాదిత్య ఎలయరసు కట్టించెనని శాసనము. విజయాదిత్యుని ఆనతిచొప్పున ఈశానాచార్యస్వామి ప్రాకారబంధము కట్టించెనని 713 నాటి మరియొక శాసనము.

స్థలపురాణము చెప్పునది వేరు. బ్రహ్మ ఇచ్చట తపస్సు చేయగా శివుడు ప్రత్యక్షమై బ్రహ్మేశ్వరుడుగా వెలసెనట. రససిద్ధుడను మహనీయుడు కాశినుండి వచ్చి, రసవిద్యచేత సంపాదించిన స్వర్ణముతో ఆలయములు నిర్మించెనట. విలసద్రాజను నృపతి ఆ సిద్ధరసమునకై ఆశపడి, సిద్ధునిపై దండెత్తి, ఆ పాపమునకు ఫలమనుభవించెనట. నవబ్రహ్మల పేళ్లు రసవాదులు ఓషధులకును, పాకములకును పెట్టుకొన్న సంకేతములని చెప్పువారును కలరు.

శాసనము చదివినవాడు ఈ కథను విని నవ్వును. మేమును మొదట నవ్వినవారమే. చాళుక్యుల పేరు లేదు, వినయాదిత్యుడు లేడు, రాణి లేదు. కట్టించినవాడు బంగారము చేయు బైరాగి! కాని కథను మరల మరల వినగా అందులో ఒక పొంతన కనబడినది. కథలో ఆలయకర్త రాజు కాడు, సిద్ధుడు. రాజు వచ్చినది ఆశపడుటకు. శాసనములో సైతము ప్రాకారమునకు పూనుకొన్నవాడు ఒక శైవాచార్యుడు. రాజు ఆనతి నిచ్చినవాడు. రససిద్ధుడే ఈశానాచార్యుడని మేము చెప్పబోము. అట్టి సమీకరణములు మన పరిశోధనలలో ఇప్పటికే కావలసినన్ని యున్నవి. మా మనవి ఇంతే: శాసనము ఆచార్యునికి రెండవ స్థానమిచ్చినది, స్థలపురాణము మొదటి స్థానమిచ్చినది. ఒకటి రాజముద్రతో మాటాడినది, రెండవది ఆలయమున దీపము పెట్టినవారి నోట మాటాడినది. రాజవంశము అంతరించిన వెనుకను ఆలయమును కనిపెట్టుకొనియున్నవారు ఈ రెండవ తెగవారు. వారు తమ కథలో రాజును ఏ స్థానమున నిలిపిరో గమనించినచో, పురాణము చరిత్రను మరచెననుట తొందరపాటగును. అది కావలెననియే రాజును ప్రక్కకు తప్పించినదని మాకు తోచుచున్నది. కథ ఎప్పుడు ఈ రూపము దాల్చినను, దాల్చినవారికి రాజులవలన మేలుకంటె కీడే యెక్కువ యెరుక యైయుండవలెను. జోగులాంబ ఆలయము బహమనీల కాలమున ధ్వంసమైనదనియు, అమ్మవారిని బాలబ్రహ్మాలయమున దాచి పూజించిరనియు జనశ్రుతి. పాతనెలవున కొత్త గుడి నిలిచి అమ్మవారు అక్కడికి చేరినది 2005లో. అన్ని తరములు ఒకచోట తలదాచుకొన్న దేవతను కొలిచినవారి కథలో విలసద్రాజు పుట్టుట ఆశ్చర్యమా?

తూర్పుతీరమున దీనికి భిన్నమైన మచ్చు కలదు. దాక్షారామ, కుమారారామముల భీమేశ్వరాలయములను చాళుక్యభీముని కాలముతో చరిత్రకారులు ముడిపెట్టుదురు. అక్కడ పురాణము రాజును మరచినను, దేవుని పేరిట రాజు పేరు మ్రోగుచునే యున్నది. శ్రీనాథుడు భీమఖండమున ఆ క్షేత్రమును కావ్యమునకు ఎక్కించెను. ఆలంపురమునకు అట్టి మహాకవి లభింపలేదు. రాజు పేరు దేవునికి అంటలేదు. కావుననే ఇచ్చట పురాణమునకును శాసనమునకును నడుమ అగాధము మరింత లోతుగా కనబడును.

ఈ అగాధముపై వంతెన కట్ట యత్నించినవారు గడియారము రామకృష్ణశర్మగారు (1919-2006). ఆలంపురముననే స్థిరపడి, శాసనములు చదివి, స్థలపురాణము నెరిగి, క్షేత్రచరిత్రను వ్రాసిరి. 1953లో ఆంధ్రసారస్వత పరిషత్తు వార్షికోత్సవములు ఆ చిన్న ఊర జరుగుటకు వారి పూనిక ముఖ్యకారణము. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు వచ్చినదియు, కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించినదియు ఆ సభలలోనే. వారి స్వీయచరిత్ర 'శతపత్రము'నకు 2007లో, మరణానంతరము, సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆ గ్రంథమును మనవారు ఆత్మకథగానే చదువుదురు. మేము దానిని యాత్రారచనగా చదువవలెనందుము. కదలక ఒకచోట నుండి, వచ్చిపోవు యాత్రికులను, పండితులను, అధికారులను చూచినవాని యాత్ర అది. వీరాస్వామయ్య దాటిపోయిన ఊరిలో శర్మగారు నిలిచిపోయిరి. ఆయనకు లేని శాసనజ్ఞానము వీరికున్నది; ఆయనకున్న నిర్మొగమాటమును వీరికి కొదువ లేదు. అయినను ఒక తేడా. క్షేత్రమునకు పెద్దరికము కట్టబెట్టవలెనను ప్రేమ శర్మగారిని అప్పుడప్పుడు న్యాయవాదిని చేయును. ఊరిని ప్రేమించినవాని సాక్ష్యమును ఆ ప్రేమతో కూడ కలిపియే తూచుకొనవలెను.

ఒక పర్యాయము మేము విద్యార్థులతో ఆ ప్రాంగణమున నుండగా, ఒకడు పురావస్తుశాఖ పలకను నోటుపుస్తకములోనికి ఎక్కించుకొనుచుండెను. ప్రక్కనే ఒక ముసలమ్మ స్వర్గబ్రహ్మ గుడి చుట్టును ప్రదక్షిణము చేయుచుండెను. లోపల పూజ లేదమ్మా, బాలబ్రహ్మవద్దకు పొమ్మని అతడు చెప్పగా, పూజ లేకపోతే దేవుడు లేడా నాయనా అని ఆమె సాగిపోయినది. పలకమీద దేవుని పేరు ఆలయమునకు పేరుగా మాత్రమే యున్నది. స్థలపురాణము రాజును తొలగించినట్లే ఈ పలక దేవుని తొలగించినది. రెండింటికిని వాని వాని కారణములున్నవి.

గద్వాల కోటకు వచ్చినవారు యాత్రికులు కారు, కవులు. పెదసోమభూపాలుడు కట్టించిన ఆ కోటలో చెన్నకేశవస్వామి ఆలయము కలదు. నేడు కళాశాలయు అందులోనే. విద్వద్గద్వాల యను పేరు తెచ్చిన పండితసభలు, సంభావనలు సుప్రసిద్ధములు. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములను దర్శించిరి. వారి నానారాజసందర్శనమున ఆ యాత్రల పద్యములు కలవు. ఇందులోని సందర్శనమును ఒక విధమైన తీర్థసేవగనే యెంచవలెను; దర్శనము, స్తుతి, ప్రసాదము అన్నియు క్రమముగా నున్నవి. దేవుని స్థానమున ప్రభువు కూర్చుండెను. అయితే ఈ కవుల కన్నులకు సభ కనబడినంత కోట కనబడదు. బురుజు, కందకము, చెన్నకేశవుడు వారికి ప్రభువు వెనుక తెరవంటివి. వనపర్తి రాజభవనము నేడు పాలిటెక్నిక్ విద్యాలయము. సంభావన పుచ్చుకొన్నవారి పద్యములు గ్రంథాలయమున నున్నవి. సభ జరిగిన భవనముల తీరును చెప్పు వర్ణనము వానిలో కొంచెము.

గోనవారి విషయమున మన తప్పిదము ఇంకను పెద్దది. ఘనపురపు కోట గోన గణపరెడ్డి కట్టించినదని ప్రతీతి. గోనవారి రాజధాని వర్ధమానపురము, నేటి నందివడ్డెమాను, నాగర్‌కర్నూలునకు సమీపముననే యున్నది. ద్విపద రామాయణమునకు కర్తగా గోన బుద్ధారెడ్డిని చెప్పుకొందుము. కర్తృత్వవాదములతో పుటలు నింపుదుము. ఆ వంశమువారి గుడులు, శాసనములు ఉన్న ఊరికి పోయి రంగనాథరామాయణమును చదివిన తరగతి ఎన్ని?

ఇక ఈ విచారణను తొందరపెట్టు సంగతికి వత్తుము. కృష్ణాతుంగభద్రలు కలియు చోట కూడవెల్లి సంగమేశ్వరాలయ ముండెడిది. 1980వ దశకమున శ్రీశైలజలాశయము నిండుటచే ఆ తావు ముంపునకు గురియైనది. ఆలయమును రాయి రాయి విప్పి ఆలంపురము చెంత తిరిగి నిలిపిరి. పాపనాశి గుడులను, సోమశిల గుడులను, జటప్రోలు మదనగోపాలుని ఆలయమును అట్లే ఎత్తున్న చోట్లకు తరలించిరి. శిల్పమునకు వచ్చిన నష్టము మిక్కిలి తక్కువ. ఆ పని చేసినవారి ఓర్పు మెచ్చదగినది. రాజ్యదృష్టితో చూచినచో కట్టడము దక్కినది. క్షేత్రదృష్టితో చూచినచో సంగమేశ్వరుడు సంగమము లేని చోట నున్నాడు. నీటిని బట్టి వచ్చిన పేరు నీటిని వీడి వచ్చినది. ఈ రెండు వాక్యములును నిజములే. ఒకదానినే వ్రాయు యాత్రికుడు ఇంతటితో ఆ ఆలయమును చూడనివాడే.

నివృత్తిసంగమముకూడ జలాశయమున మునిగినదే. అక్కడి సంగమేశ్వరుని గుడి ఏటేట నీటిలో మునిగి, వేసవిలో నీరు తగ్గగా బయటపడును. వేపదారువు లింగమునకు ఆ కొలది దినములే పూజ. వీరాస్వామయ్య పరివారము నదిని చేరిన తీరమంతయు అట్లే రూపు మారినది. దిగవల్లివారి ముద్రణ 1941 నాటిది. అప్పటికి ఆ రేవులు, పల్లెలు ఉన్నవి, కావున మజిలీల జాడ చెప్పుట సులభము. నేడు మజిలీల పేళ్లలో కొన్ని మూలగ్రంథమున తప్ప నేలమీద లేవు. కొన్ని ఊళ్లు పేరు మోసికొని గట్టుమీదికి వచ్చినవి. కాశీయాత్రచరిత్రకు కృష్ణాతీరపు భాగమువరకైనను మజిలీలను పాత పటములతో పోల్చి, మునిగిన తావులను గుర్తించి, స్థలపురాణములను, శాసనపాఠములను ఆ ఆ మజిలీల చెంత చేర్చి కొత్త పరిష్కరణము సిద్ధపరుపవలసి యున్నది. మునుగక మునుపటి ఊరి వీథులను చెప్పగల వృద్ధులు, పుట్టి నడిపిన బెస్తలు సోమశిల, జటప్రోలు, సంగమేశ్వరము ప్రాంతములలో ఇంకను కొందరున్నారు. వేసవిలో నీరు తీసినప్పుడు వారితో కలిసి ఆ గట్టు నడచుటకు రెండు నెలల వ్యవధి మాత్రమే దొరకును. పరీక్షల దినములును అవియే యగుట మన దురదృష్టము.